భవిష్యత్తు కథకు ప్రాచీన వాద్యాలు

వైజ్ఞానిక కల్పన కథకు సంగీతం కట్టే దర్శకుడు ముందుగా తేల్చుకోవలసింది, ఎవరూ చూడని లోకం చెవికి ఎలా వినిపించాలన్న సంగతి. 1950లలో హాలీవుడ్ చిత్రాలు ఇందుకు థెరమిన్‌ను, అంటే తాకకుండా గాలిలో చేతులు కదిపి పలికించే విద్యుత్ వాద్యాన్ని ఆశ్రయించాయి. 1963లో బీబీసీ ప్రారంభించిన ‘డాక్టర్ హూ’ కోసం రాన్ గ్రెయినర్ కట్టిన బాణీని డెలియా డెర్బీషైర్ టేపు ముక్కలు కోసి అతికించి, ఏ వాద్యానిదో పోల్చుకోలేని ధ్వనిగా మార్చారు. 1977 నాటి ‘స్టార్ వార్స్’ తరువాత అంతరిక్షమంటే బాకాలు మోగే భారీ పాశ్చాత్య వాద్యబృందమే అన్న అలవాటు స్థిరపడింది. మరుసటి ఏడాది స్టూ ఫిలిప్స్ సంగీతంతో వచ్చిన ‘బాటిల్‌స్టార్ గలాక్టికా’ ఆ ఒరవడిలోదే.

అదే కథను 2003లో లఘు ధారావాహికగా, 2004 నుంచి 2009 వరకు పూర్తి ధారావాహికగా మళ్లీ తీసినప్పుడు నిర్మాతలు ఆ ఆర్భాటం వద్దన్నారు. తాము సృష్టించిన యంత్రమానవుల చేతిలో సర్వం కోల్పోయి, సుమారు 50 వేల మంది మాత్రమే మిగిలిన జాతి కథను వార్తాచిత్రంలా చూపాలన్నది వారి ఉద్దేశం కాబట్టి, విజయభేరిలాంటి సంగీతం అక్కడ ఇమడదు. లఘు ధారావాహికకు రిచర్డ్ గిబ్స్ సంగీతం సమకూర్చగా, ఆయనకు సహాయకుడిగా పనిచేసిన బేర్ మెక్‌క్రీరీ పాతికేళ్ల వయసులో ఆ తరువాతి బాధ్యతను అందుకున్నారు.

యుద్ధ సన్నివేశాలను జపాన్ తైకో డోళ్లు నడిపించాయి. విషాదానికి ఆర్మేనియా దుదుక్ పలికింది. ఆప్రికాట్ చెట్టు కొయ్యతో చేసే ఈ వాద్యంలోనూ నాదస్వరంలో వలెనే జంట రెల్లు పొరలే కంపిస్తాయి గాని, దాని గొంతు మంగళవాద్యపు గొంతు కాదు, తగ్గు స్వరంలో మూలిగే మనిషి గొంతు. కథలో తండ్రీకొడుకులైన అడామాల అనుబంధానికి ఐర్లండ్ జానపద ధోరణిలో ఒక బాణీ కట్టారు. పాత్రకో అనుబంధానికో ఒక బాణీని కేటాయించి, సందర్భాన్ని బట్టి రూపం మార్చి వినిపించే ఈ పద్ధతిని లైట్‌మోటిఫ్ అంటారు. ప్రారంభ సంగీతంలో గిబ్స్ గాయత్రీ మంత్రాన్ని స్త్రీ కంఠంతో పాడించారు. అమెరికా శ్రోతకు అది కాలానికి అందని ప్రాచీన ఘోషగా వినిపించి ఉండవచ్చు; సంధ్యావందనంలో రోజూ వినే తెలుగువారికి మాత్రం ఆ మాయ సగమే పనిచేస్తుంది.

వాద్యాల ఎంపిక తేలినా, అసలు శ్రమ గడియారంతోనే. కూర్పు పూర్తయిన భాగాన్ని దర్శక నిర్మాతలతో కూర్చుని చూస్తూ సంగీతం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో నిర్ణయించే సమావేశాన్ని స్పాటింగ్ అంటారు. తెలుగు చిత్రసీమలో రీరికార్డింగ్‌గా పిలిచే పని ఆ తరువాతే మొదలవుతుంది. ఒక సన్నివేశంలో తలుపు తెరుచుకునే క్షణం 24వ సెకనులో ఉందనుకుంటే, నిమిషానికి 80 దెబ్బల నడకలో అక్కడికి సరిగ్గా 32 దెబ్బలు, అంటే ఆది తాళంలో నాలుగు ఆవర్తనాలు పూర్తవుతాయి. ఎడిటర్ ఆఖరి నిమిషంలో రెండు సెకన్లు కత్తిరిస్తే అదే క్షణం 29 దెబ్బలు దాటాక ఎక్కడో మధ్యలో పడుతుంది. అప్పుడు నడకను 87కు పెంచాలి, లేదా ఒక ఆవర్తనాన్ని కుదించాలి. పెంచితే విషాదం హడావిడిగా మారవచ్చు, కుదిస్తే వినేవాడి కాలు తడబడవచ్చు. వాద్యకారులకు చెవిలో వినిపించే క్లిక్ ట్రాక్, అంటే టిక్కు టిక్కుమనే తాళపు గుర్తు, ఈ లెక్కను తప్పనివ్వదు. సినిమాకు వారాలు దొరికే ఈ పని టెలివిజన్‌లో రోజుల్లో ముగియాలి.

మామూలుగా సంగీత దర్శకుడి వంతు చివర వస్తుంది; ‘గలాక్టికా’లో ఆ వరుస ఒకసారి తిరగబడింది. మూడో సీజన్ చివర, 2007లో, బాబ్ డిలన్ పాట ఒకటి నలుగురు పాత్రల చెవుల్లో మోగుతుంది. డిలన్ పుట్టని లోకంలో వినిపించాలి కాబట్టి మెక్‌క్రీరీ దాన్ని తన వాద్యాలతో పూర్తిగా కొత్తగా కట్టారు. 2009లో ప్రసారమైన మరో భాగంలో చిన్నపిల్ల గీసిన చుక్కల బొమ్మ నిజానికి స్వరాల వరుస అని స్టార్‌బక్ అనే పైలట్ గుర్తించి, పియానో మీద వాయించగా ఆ పాటే బయటపడుతుంది; చివరి భాగంలో ఆ స్వరాలను అంకెలుగా మార్చి అంతరిక్ష నౌకకు దారి చూపిస్తే, అది 1,50,000 ఏళ్ల కిందటి మన భూమికి చేరుతుంది. కాగితం మీది చుక్కలు, నటి వేళ్లు, వినిపించే స్వరాలు మూడూ ఒకదానికొకటి సరిపోవాలి కాబట్టి, ఈ సంగీతం చిత్రీకరణకు ముందే, కథ రాసే దశలోనే రచయితల బల్ల మీదికి రావలసి వచ్చింది.