మోటారుకారు నడుపుట నేర్చుకొనుటకు తక్కువ వ్యయపు మార్గము

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల రైతుకుటుంబములలో కారో, పికప్ బండియో యుండుట యిప్పు డరుదు కాదు. పట్టుగూళ్లను హిందూపురపు మార్కెట్టునకు జేర్చుటకును, రోగిని రాత్రివేళ బెంగుళూరునకు గొనిపోవుటకును బండి యక్కఱకు వచ్చుచున్నది. 2019లో పెనుకొండచెంత ఎఱ్ఱమంచివద్ద కియా కర్మాగారమున కార్ల యుత్పత్తి మొదలైన పిమ్మట మన పిల్లలకు కారుపై మక్కువ మఱింత హెచ్చినట్లు తోచుచున్నది. అయితే బండికొఱకు వేలు, లక్షలు అప్పు తెచ్చిన రైతే, నడుపుట నేర్చుకొనుటకు మాత్రము వెచ్చింప వెనుదీసి, లైసెన్సు లేకయే బావమఱది బండిపై నాలుగు సాయంకాలములు తిరిగి, విద్య వచ్చినదని తలంచుచున్నాడు. ఇంతకంటె ఖరీదైన మార్గము వేఱొకటి లేదు.

ఏలయన, లైసెన్సు లేనివాని చేతిలో బండి యొకనిని గొట్టినచో, బీమా కంపెనీ బాధితునకు పరిహార మిచ్చినను, ఆ సొమ్మును బండి యజమానునివద్ద రాబట్టుకొనుటకు న్యాయస్థానము అనుమతింపవచ్చును. అప్పు డమ్ముడుపోవునది పొలము. లర్నర్ లైసెన్సు గలవాని స్థితి యట్లు కాదు. అదియు లైసెన్సే యని 2004లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. పదునెనిమిదేండ్లు నిండని కుమారునకు తాళపుచెవి యిచ్చు తండ్రికి 2019 నాటి చట్టసవరణ ప్రకారము 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్లవఱకు ఖైదును గలవు.

ఈ రక్షణకగు వ్యయ మెంత? కేంద్ర నియమావళి ప్రకారము లర్నర్ లైసెన్సునకు 150, దాని పరీక్షకు 50, పక్కా లైసెన్సునకు 200, నడుపు పరీక్షకు 300, వెరసి 700 రూపాయలు. దీనిపై రాష్ట్రప్రభుత్వపు సేవారుసుము కొంత కలియును. దళారి యడుగు మిగిలిన సొమ్ము రుసుము కాదు. నలువదియేండ్లు దాటినవారు వైద్యుని ధ్రువపత్రము జతపఱుపవలయును.

ఇక డ్రైవింగు స్కూలు. 1989 నాటి నియమములనుబట్టి కారు శిక్షణము 21 దినములకు తక్కువ కాకూడదు. అందు చక్రము పట్టి నడుపు కాలము 10 గంటలకు తగ్గరాదు. కావున "ఫీజెంత?" అని యడుగుటకు ముందు "నా చేత చక్ర మెన్ని గంటలుండును?" అని యడుగుడు. ముగ్గురిని ఒకే బండిలో నెక్కించి, వెనుక కూర్చున్న కాలమును గూడ శిక్షణమున లెక్కించువా డొకడు 4,000 రూపాయలు పుచ్చుకొని, నిజముగా 5 గంటలే నడిపించె ననుకొందము. వేఱొకడు 6,000 పుచ్చుకొని 10 గంటలు నడిపించిన, మొదటివానివద్ద గంటకు 800, రెండవవానివద్ద 600. చౌక యెవనిదో మీరే చూడుడు. శిక్షకుని పాదముచెంత వేఱు బ్రేకు కలదా, పరీక్షనాడు బండి నిచ్చునా, దానికి వేఱుగా సొమ్మడుగునా, రసీదు నిచ్చునా యని తెలిసికొనుడు.

పది గంటలతో చేయి కుదురునా? కుదురదని నా యభిప్రాయము. 2021లో వచ్చిన నియమములందు ప్రభుత్వగుర్తింపు పొందిన శిక్షణకేంద్రములకు 29 గంటల పాఠము నిర్ణయించి, అందు 21 గంటలు నడుపుటకే కేటాయించిరి. అనగా మనకు మఱి పదునొకండు గంటల కొఱత యున్నది. ఈ గంటలు సొంతబండిపై నడుపుకొనవచ్చును. డీజిలు ఖర్చు తప్ప వేఱు లేదు. కొత్త కోడెను ముదురెద్దుతో కాడికి గట్టునట్లు, అనుభవముగల లైసెన్సుదారుని ప్రక్కన గూర్చుండబెట్టుకొనుడు. బండి నాపగల స్థానమున నత డుండవలెననియు, బండిముందువెనుకల ఎఱ్ఱని "ఎల్" అక్షరపు ఫలక ముండవలెననియు నియమము. మొదట ఊరిబాట, పిమ్మట ధర్మవరపు బజారు, కడపట 44వ జాతీయరహదారి. రాగులు, ఉలవలు రోడ్డుపై పఱచిన కాలమున మాత్రము నేర్వకుడు. ఆ కట్టెపై చక్రములు జాఱును. పఱచువారము మనమే గనుక ఇంతకంటె చెప్పను!

జీవనోపాధిగా నేర్వదలచిన యువకులు అనంతపురమునందలి రుడ్‌సెట్ సంస్థలో విచారింపవలయును. 1982లో ఉజిరెలో నారంభమైన యీ పద్ధతిలో భోజనవసతులతో నుచితముగా శిక్షణ మిత్తురు. ఇట్టి సంస్థల పాఠ్యములలో కారు నడుపుటయు నొకటి. ఏ నెలలో తరగతి జరుగునో ముందుగా కనుగొనుడు.

సరకుబండి నడుపుటకు వేఱు లైసెన్సు కావలెనని చెప్పి అదనపు ఫీజు లాగువారు గలరు. మొత్తపు బరువు 7,500 కిలోలు మించని సరకుబండిని కారు లైసెన్సుతోనే నడుపవచ్చునని 2024 నవంబరులో సుప్రీం కోర్టు రాజ్యాంగధర్మాసనము స్థిరపఱచినది. మన ట్రాక్టరులును సామాన్యముగా ఈ తరగతిలోనివే.

లర్నర్ లైసెన్సు ఆరుమాసములు చెల్లును; ముప్పది దినములు గడచినగాని పక్కా పరీక్షకు పోరాదు. వేరుసెనగ యొబ్బిడియైన వెంటనే పుచ్చుకొన్నచో, మరల విత్తువఱకు తీరిక దొరకును. ఇరువదియొక్క దినములు బస్సుఛార్జీయు, పూట పనియు పోగొట్టుకొనుట ఫీజుకు దీసిపోని వ్యయము. ఒకే గ్రామమునుండి నలుగురు సభ్యులు గూడి బేరమాడినచో, స్కూలుబండి నుదయముననే ఊరికి రప్పించుకొనవచ్చును.