బధిరుల బడి నుంచి విశ్వవిద్యాలయ పీఠానికి

విశ్వవిద్యాలయానికి అధిపతిగా ఎవరు ఉండాలని అడిగితే మనకు వెంటనే తోచే జవాబులు కొన్నే. పేరున్న శాస్త్రవేత్త, ఆర్థికవేత్త, న్యాయ కోవిదుడు, కాకుంటే పాలనలో తలపండిన ఐఏఎస్ అధికారి. వినికిడి లేని పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారు మనకు తట్టరు. తట్టాలన్నదే నా వాదన. ప్రత్యేక విద్య అంటే జాలి, ఓపిక ఉన్నవాళ్లు చేసే సేవ అని మనలో చాలామంది అనుకుంటారు. చేరిన ప్రతి విద్యార్థి విషయంలోనూ సంస్థ చేత జవాబు చెప్పించడం ఆ రంగంలో రోజువారీ పని. పెద్ద విద్యాసంస్థను నడపడానికి ఇంతకన్నా పనికొచ్చే శిక్షణ నాకు కనిపించదు. అమెరికాలో రాబర్ట్ డవీలా ఉద్యోగ జీవితాన్ని వరసగా చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది.

డవీలా 1932లో కాలిఫోర్నియాలో, మెక్సికో మూలాలున్న వ్యవసాయ కూలీల ఇంట పుట్టారు. ఎనిమిదో ఏట మెనింజైటిస్ సోకి వినికిడి పోయింది. ఇంట్లో స్పానిష్ తప్ప మరో భాష లేని ఆ పిల్లవాణ్ణి దూరాన బర్క్‌లీలో ఉన్న బధిరుల పాఠశాలకు పంపారు. ఇంగ్లీషు, సైగల భాష రెండూ అక్కడే నేర్చుకున్నారు. 1953లో వాషింగ్టన్‌లోని బధిరుల ఉన్నత విద్యాసంస్థ గాలడెట్‌లో డిగ్రీ పూర్తిచేసి, న్యూయార్క్ రాష్ట్రంలోని బధిరుల పాఠశాలలో టీచరుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే హంటర్ కాలేజీలో ప్రత్యేక విద్యలో ఎమ్మే, తర్వాత సిరక్యూస్‌లో విద్యా సాంకేతికతలో పీహెచ్‌డీ చేశారు. గాలడెట్‌కు తిరిగి వెళ్లి, ఆ ప్రాంగణంలోనే నడిచే బడుల బాధ్యత చూసే ఉపాధ్యక్షుడయ్యారు.

1975లో అమెరికా తెచ్చిన చట్టం వైకల్యమున్న ప్రతి పిల్లవాడికీ ప్రభుత్వ ఖర్చుతో తగిన చదువును హక్కు చేసింది. ఆ పిల్లవాడి కోసం విడిగా ఒక ప్రణాళిక రాయాలి. ఏడాదిలో ఏం నేర్వాలి, అందుకు బడి ఏం సమకూర్చాలి, నేర్చాడని ఎలా తేల్చాలి అన్నవన్నీ అందులో ఉండాలి. తల్లిదండ్రులను కూర్చోబెట్టుకుని రాయాలి. ఏడాదికోసారైనా తిరగేసి చూడాలి. పిల్లవాడు నేర్వకపోతే ముందు ప్రశ్నించవలసింది ప్రణాళికనే. 1989 నుంచి 1993 వరకు ఫెడరల్ విద్యాశాఖలో ప్రత్యేక విద్య, పునరావాస విభాగానికి సహాయ కార్యదర్శిగా డవీలా ఈ చట్టం అమలును చూశారు. ఆ కాలంలోనే, 1990లో, చట్టానికి సవరణ వచ్చింది. పదహారేళ్లు వచ్చేసరికల్లా బడి తర్వాత ఆ విద్యార్థి ఎటు వెళ్తాడో, కాలేజీకా ఉద్యోగానికా, కూడా ప్రణాళికలో రాయడం తప్పనిసరి అయింది. బడి గేటు దాటాక ఏమవుతాడన్న ప్రశ్నకు బడే జవాబు వెతకాలన్నమాట.

పదిమంది పిల్లలున్న గదిలో ఇది సాధ్యమే, వేలమంది ఉన్న ప్రాంగణంలో ఒక్కొక్కరికీ ప్రణాళిక రాసేదెవరు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే విడివిడి ప్రణాళికలు కొన్ని వందలు చూసిన మనిషికి, అవన్నీ ఏ అడ్డంకి దగ్గర ఆగిపోతున్నాయో కనిపిస్తుంది. అప్పుడు ఆ అడ్డంకిని అందరికీ ఒకేసారి తీసేయవచ్చు. 1996 నుంచి దాదాపు పదేళ్లు డవీలా నడిపిన జాతీయ బధిర సాంకేతిక సంస్థ రోచెస్టర్‌లో ఒక మామూలు సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడ బధిర విద్యార్థులు వినగలిగే వాళ్లతో కలిసే తరగతుల్లో కూర్చుంటారు. సైగల దుబాసీలు, నోట్సు రాసిపెట్టేవాళ్లు ఉంటారు. లెక్చరర్ మాటను అప్పటికప్పుడు తెరమీద అక్షరాలుగా చూపే సీ-ప్రింట్ పద్ధతి ఆ సంస్థలోనే రూపుదిద్దుకుంది. తెలుగు మీడియంలో చదివి ఇంజినీరింగ్ కాలేజీలో అడుగుపెట్టి, ఇంగ్లీషు పాఠం చెవిన పడుతున్నా అందుకోలేక తల్లడిల్లే పిల్లలు మనకు కొత్త కాదు. చెవులు బాగున్న ఆ పిల్లలకు కూడా తెరమీది అక్షరాలు ఎంత మేలు చేస్తాయో ఊహించడం కష్టం కాదు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ప్రమాణాల గురించి. ప్రత్యేక విద్య నుంచి వచ్చినవారు కనికరంతో చదువు స్థాయిని దించేస్తారన్న భయం పైకి అనకపోయినా చాలామందిలో ఉంటుంది. దీనికి జవాబు గాలడెట్‌లోనే ఉంది. 1864లో లింకన్ సంతకంతో డిగ్రీలిచ్చే అధికారం పొందిన ఆ సంస్థలో 2006లో కొత్త అధ్యక్షురాలి ఎంపికపై విద్యార్థులు, అధ్యాపకులు తిరగబడ్డారు. ప్రాంగణం మూతపడేదాకా వెళ్లింది. చివరకు బోర్డు నియామకాన్ని వెనక్కి తీసుకుని, డవీలాను పిలిచింది. 2007 జనవరిలో ఆయన పగ్గాలు అందుకున్న కొద్ది నెలలకే గుర్తింపునిచ్చే మిడిల్ స్టేట్స్ కమిషన్ ఆ విశ్వవిద్యాలయాన్ని ప్రొబేషన్‌లో పెట్టింది. చదువులో పటిష్ఠత చాలదని, చేరినవారిలో డిగ్రీతో బయటికి వెళ్లేవారు తక్కువని, పాలనలో లోపాలున్నాయని ఆక్షేపించింది. గుర్తింపు పోతే ఆ డిగ్రీకి విలువ ఉండదు. డవీలా హయాంలో సంస్థ ధ్యేయ ప్రకటనను తిరగరాసి, అమెరికన్ సైగల భాష, ఇంగ్లీషు రెంటిలోనూ బోధన అని స్పష్టం చేశారు. తొలి ఏళ్ల సాధారణ పాఠ్యక్రమాన్ని మార్చారు. విద్యార్థి నేర్చినదాన్ని కొలిచే ఏర్పాట్లు చేశారు. 2008 జూన్‌లో గుర్తింపు తిరిగి ఖరారైంది. ఈ ఘనత ఒక్కరిదే అనడం అధ్యాపకులకు అన్యాయం. కానీ లక్ష్యం రాసుకోవడం, అందుకు సాయం అమర్చడం, ఫలితం కొలవడం అన్న ఈ క్రమం ఎక్కడిదో 1975 చట్టం తెలిసినవారు గుర్తుపట్టగలరు. కనికరంతో మార్కులు వేసే పద్ధతికి అందులో చోటు లేదు.

ఆయన స్వయంగా బధిరుడు కాబట్టే అది సాధ్యమైందని కొందరనవచ్చు. వైకల్యమున్నవారు నాయకత్వానికి రావడం ఎంత అవసరమో 1988లో అదే ప్రాంగణంలో బధిరుడే అధ్యక్షుడు కావాలంటూ సాగి గెలిచిన ఉద్యమం చెప్పింది. అందులో రెండో మాట లేదు. అయితే 2006లో తిరస్కరణకు గురైన అభ్యర్థి కూడా బధిరురాలే. స్వానుభవానికి తోడు బడి, ప్రభుత్వ శాఖ, విశ్వవిద్యాలయం మూడింట్లోనూ పనిచేసిన నేర్పు డవీలాకు ఉంది.

ఇక మన సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు వారికి కేటాయించాలంటోంది. ఆ సీట్లలో చేరినవారు డిగ్రీ పూర్తిచేసేదాకా ఏం కావాలో తెలిసిన మనిషి పాలక భవనంలో ఉండాలి కదా! సికింద్రాబాద్‌లో 1984లో మొదలై, నేడు ఎన్ఐఈపీఐడీగా పిలిచే జాతీయ సంస్థ ప్రత్యేక విద్యలో నిపుణులను తయారుచేస్తోంది. స్పెషల్ బీఎడ్ చేసినవారికి మన దగ్గర కనిపించే దారి మాత్రం బడి వరకే. 2018 యూజీసీ నిబంధనలు వైస్ చాన్స్‌లర్ పదవికి పదేళ్ల ప్రొఫెసర్ అనుభవం లేదా పేరున్న పరిశోధన, విద్యాపాలన సంస్థలో అంతే అనుభవం కావాలన్నాయి. ప్రత్యేక విద్యకు విశ్వవిద్యాలయాల్లో పూర్తిస్థాయి శాఖలు, ప్రొఫెసర్ పోస్టులు ఏర్పడితేనే ఆ రంగంవారు ఆ గడప దాకా రాగలరు. ఈలోగా రిజిస్ట్రార్ కార్యాలయంలో, పరీక్షల విభాగంలో, విద్యార్థి వ్యవహారాల డీన్ స్థానంలో వారిని నియమించాలంటే పాలక మండలి తీర్మానించుకుంటే చాలు.