పడుకొనువేళ పిల్లలడుగు ప్రశ్నలు

రాత్రి భోజనములు ముగిసి, వాకిట మంచములు వాల్చిన పిమ్మట పిల్లల ప్రశ్నలు మొదలగును. పగలంతయు ఆటలలో మునిగియుండిన బిడ్డ అప్పుడు ఆకాశమువంక చూచి, "తాతయ్యా, మనం నడుస్తుంటే చందమామ కూడా మనతో ఎందుకు వస్తాడు?" అని అడుగును. పొలములోనో, పంచాయతీ కచేరీలోనో అలసివచ్చిన పెద్దలు "ఇక పడుకోరా, బూచి వస్తుంది" అని కసరుట పెక్కు ఇండ్లలో జరుగుచున్నదే. మేమును అట్లు కసరినవారమే. కసరిన మరునాడు ఆ బిడ్డ మరల అడుగడు. మేము గమనించిన నష్టమిదియే.

చందమామ సంగతి చెప్పుట కష్టము కాదు. నడచునప్పుడు దగ్గరి చెట్టు వేగముగా వెనుకకు పోవును. దూరపు కొండ మెల్లగా జరుగును. చందమామ మనకు సగటున 3,84,000 కిలోమీటర్ల దూరమున నున్నాడు. ఊరి ఈ చివరనుండి ఆ చివరకు నడచినను అతడు కనిపించు దిక్కు మారదు. వెనుకబడడు గనుక వెంటవచ్చుచున్నట్లు తోచును. బస్సు ప్రయాణములో కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి చూపినచో బిడ్డకు ఇట్టే బోధపడును. 2023 జూలై 14న మన శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-3 నౌక చందమామపై దిగుటకు 40 దినములు పట్టినదనియు, ఆగస్టు 23న అది దిగినదనియు చెప్పినచో ఆ రాత్రికి నిద్రయే రాదు!

నక్షత్రములు మిణుకుమిణుకుమనుట గాలి చేష్ట. కదలెడి చెరువునీటిలో అడుగున నున్న రాయి వణకినట్లు కనబడును గదా. కదలెడి గాలిపొరల గుండ వచ్చు వెలుగు నట్లే.

ఇక దీపమార్పిన పిమ్మట వచ్చు ప్రశ్న యొకటి కలదు. "దోమ చెవి దగ్గరకే వచ్చి ఎందుకు పాడుతుంది?" ఇది చిన్న ప్రశ్న వలె తోచును గాని, పంచాయతీ సభ్యులు దీనిని ఒకింత శ్రద్ధతో వినవలెను.

దోమ పాడుట లేదు. దాని రెక్కలు సెకనునకు కొన్ని వందల మారులు కొట్టుకొనుటచే ఆ నాదము పుట్టుచున్నది. అది కాళ్లయొద్దను అట్లే మ్రోయును గాని, అచ్చట మనకు వినబడదు. మనము విడచు ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును పసిగట్టి అది మనుష్యుని వెదకుకొని వచ్చును గనుక తలచుట్టు తిరుగుట మెండు. కుట్టునది ఆడుదోమయే. గ్రుడ్లు పెట్టుటకు దానికి రక్తము కావలెను. మగదోమ పూలతేనెతోను, మొక్కల రసములతోను బ్రదుకును.

ఈ చిన్న పురుగు చలిజ్వరమును మోయునని లోకమునకు రుజువైనది మన తెలుగుగడ్డమీదనే. అంతకు పూర్వము విద్వాంసులు సయితము చెడుగాలివలన ఆ జ్వరము వచ్చునని తలచిరి. మలేరియా యను మాటకు ఇటలీ భాషలో చెడుగాలి యనియే అర్థము. రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు సికిందరాబాదులో ఒక జ్వరరోగిని దోమలచే కుట్టించి, దోమకొక అణా చొప్పున అతనికి చెల్లించి, ఆ దోమలను కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించెను. 1897 ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో జ్వరక్రిమి ఆయనకు కనబడినది. మరుసటి సంవత్సరము కలకత్తాలో, దోమ కాటువలననే ఆ జాతి జబ్బు వ్యాపించునని పక్షులపై నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. మన మన్యపు పల్లెలను ఆ జ్వరము నేటికిని పీడించుచునే యున్నది.

ఇంత కథ ఒక్క రాత్రిలో చెప్పనక్కరలేదు. మరునాడు పెరటి తొట్టిలో మెలికలు తిరుగుచు ఆడెడి సన్నని పురుగులను, ఆ నీటితోనే ఒక గాజుసీసాలో పోసి, మూతికి పలుచని గుడ్డ గట్టిగా కట్టి బిడ్డకు చూపవలెను. కొలది దినములలో అవి దోమలై గుడ్డక్రింద ఎగురును. వేసవిలో గ్రుడ్డు దోమ యగుటకు ఇంచుమించు వారము, పది దినములు చాలును. వారమునకొకమారు తొట్లు, కుండలు ఖాళీచేసి ఆరబెట్టుడని ఆరోగ్యశాఖవారు చెప్పుటకు కారణమిదియే. చూచిన పిమ్మట ఆ సీసాను నేలపై బోర్లించి ఆరబెట్టుట మరువరాదు.

తాతమ్మలు చెప్పెడి కథలతో మాకు తగవు లేదు. రాహువు చంద్రుని మ్రింగిన కథ కథగా ఎంతో సొగసైనది. అయినను గ్రహణము నీడవలన కలుగునని ఆర్యభటుడు 499వ సంవత్సరమునాటికే వ్రాసియుంచెను. కథను కథగా, కారణమును కారణముగా చెప్పినచో బిడ్డ రెంటిని వేరుగానే పెట్టుకొనును.

తెలియని ప్రశ్న వచ్చినపుడు "నాకు తెలియదు, రేపు తెలిసికొందము" అనుట చిన్నతనము కాదు. రేపు తెలిసికొనకుండుటయే చిన్నతనము. బడి పంతులుగారిని అడుగవచ్చును, గ్రంథాలయములో వెదకవచ్చును. ఇంటిపన్నుతోపాటు పంచాయతీ వసూలుచేయు గ్రంథాలయ పన్ను ఇందుకొరకే గదా. అది గ్రంథాలయ సంస్థకు సక్రమముగా జమయగుచున్నదా, ఊరి గ్రంథాలయము సాయంకాలము తెరచియుండునా, పిల్లలు చదువదగిన విజ్ఞాన పుస్తకములు అందున్నవా యని సభ్యులు ఒకమారు విచారింపవలెను. విద్యయు, గ్రంథాలయములును రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీల విషయములుగా పేర్కొనబడినవే.

సీసాలో దోమలను చూచిన బిడ్డ ఊరకుండడు. ఆ రాత్రి మరల మంచముమీద, "తాతయ్యా, మన వీధి మురుగుకాలవలో కూడా ఇవే ఉన్నాయి, అది ఎవరు బాగుచేయాలి?" అని అడుగును. ఆ తాతయ్య వార్డుసభ్యుడైనచో, ఈ ప్రశ్నకు జవాబు పుస్తకములలో వెదకనక్కరలేదు.