బస్తర్ పల్లెల్లో ఇంటికుక్క

ఆవు, మేక, కోడి వంటి పెంపుడు జంతువులను గురించి మీకు తెలుసు. ఈ పాఠంలో వాటికి కాపలాగా ఉండే జంతువును గురించి తెలుసుకుందాం.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, తెలుగు ప్రాంతాలను ఆనుకొని బస్తర్ ఉంది. 1998లో విభజించక ముందు అది ఒకే జిల్లా. విస్తీర్ణంలో కేరళ రాష్ట్రం కంటే పెద్దది. దక్షిణాన కోంట, భోపాలపట్నం వైపు తెలుగు మాటలు వినబడతాయి. గోండీ మాట్లాడేవారు కుక్కను ‘నాయ్’ అంటారు. తమిళులు కూడా అదే మాట అంటారు. గోండీ, తమిళం, తెలుగు మూడూ ద్రావిడ భాషలే.

ఈ పల్లెల్లోని కుక్కను మీరూ చూసే ఉంటారు. మట్టిరంగు, పొట్టి వెంట్రుకలు, నిక్కిన చెవులు, పైకి చుట్టుకున్న తోక, సన్నని నడుము. ‘ఇది ఏ జాతి?’ అని అడిగితే ‘ఏ జాతీ కాదు, ఊరకుక్క’ అంటారు. ఆ మాట ఎందుకు వచ్చిందో ఆలోచించండి. పేరున్న జాతులను మనుషులు తయారు చేశారు. మంచు నిండిన ఆల్ప్స్ పర్వతాల్లో మఠవాసులు పెంచిన సెయింట్ బెర్నార్డ్ 60 కిలోలు దాటుతుంది. తమకు కావలసిన గుణాలున్న ఆడ, మగ కుక్కలను ఎంచి కలపడం వల్ల అలాంటి జాతులు స్థిరపడ్డాయి. మన దేశవాళీ కుక్కను ఇలా ఎవరూ ఎంచలేదు. ఎండ, వాన, ఆకలి, అడవి ఎంచాయి.

కుక్క మనిషి వెంట ఉండటం కనీసం 14,000 ఏళ్ళ నాటి మాట. జర్మనీలో అంతటి పాత సమాధిలో మనుషులతో పాటు కుక్క ఎముకలు దొరికాయి. మన దేశంలో కాశ్మీరులోని బుర్జహోమ్ వద్ద కొత్త రాతియుగపు సమాధిలోనూ మనిషి పక్కన కుక్కను పూడ్చిపెట్టారు. ఆస్ట్రేలియాలోని డింగో మన ఊరకుక్కను పోలి ఉంటుంది.

ఒక పొరపాటు పడకండి. అడవిలో గుంపుగా తిరిగే రేచుకుక్క ఊరకుక్కకు అడవిరూపం కాదు. ఊరకుక్కకు 42 పళ్ళు, రేచుకుక్కకు 40. ఈ రెండింటికీ పిల్లలు పుట్టవు.

ఇక స్వభావం. ఊరకుక్క తన వాకిలిని ఎరుగును. కొత్తవారిని చూస్తే దూరం నుంచే మొరుగుతుంది, ఇంటి పిల్లల దగ్గర మెత్తగా ఉంటుంది. చెప్పిన ప్రతి పనీ చేయదు. దానిని మొండితనం అనుకోనక్కరలేదు. తన తిండి తానే వెతుక్కొనే జంతువుకు తన నిర్ణయాలు తప్పవు. విప్పపూల కాలంలో, అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఆడవాళ్ళు తెల్లవారకముందే చెట్ల కిందికి వెళతారు. ఆ పూల కోసం ఎలుగుబంటి కూడా వస్తుంది. కుక్క ముందుగా వాసన పట్టి మొరుగుతుంది. అయితే ఎలుగును రెచ్చగొట్టి, భయపడి తిరిగి యజమాని దగ్గరకే పరుగెత్తి రావచ్చు. అప్పుడు ఎలుగు కూడా వెంట వస్తుంది! చిరుతపులి తిరిగే చోట రాత్రివేళ కుక్కను అరుగు మీద కట్టకండి. లోపల ఉంచండి.

పూర్వం ఊరంతా కలిసి ‘పారద్’ వేటకు వెళ్ళినప్పుడు కుక్కలను తీసుకుపోయేవారు. 1972 చట్టం వన్యప్రాణుల వేటను నిషేధించింది. కుక్కకు చట్టం తెలియదు, కనుక అడవి అంచున దానిని అదుపులో ఉంచవలసింది మనమే.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం రేబీస్. ఈ వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత దాదాపు ఎవరూ బ్రతకరు. కాని కరిచిన వెంటనే జాగ్రత్తపడితే దాదాపు ఎవరూ చనిపోనవసరం లేదు. నా చిన్నప్పుడు మా ఊళ్ళో కుక్కకాటుకు కారం అద్దేవారు. అది మందు కాదని నాకు తెలిసేసరికి బి.ఎడ్. పూర్తయింది. కారం, సున్నం, పసుపు ఏదీ పెట్టకండి. గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం లేకపోతే, చాలనిపించిన తరువాత ఇంకా అంతసేపు కడగండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టించండి. ‘మన కుక్కే కదా, పది రోజులు చూద్దాం’ అని ఆగవద్దు. చూడటం చూడవచ్చు, టీకా మాత్రం ఆపకూడదు. ముఖం మీద కరిచినా, గాయం లోతుగా ఉన్నా టీకాతో పాటు గాయంలోనే వేసే మరొక మందు కూడా అవసరం. దానిని డాక్టరును అడగండి.

కుక్కకు టీకా మూడు నెలల వయసులో వేయించి, తరువాత పశువుల డాక్టరు చెప్పిన ప్రకారం మళ్ళీ వేయిస్తూ ఉండాలి. ఊరకుక్కలకు పిల్లలు ఎక్కువగా చలికాలంలో పుడతాయి. లెక్క వేసి చూడండి: టీకా సమయం సరిగ్గా విప్పపూల పనుల్లో పడుతుంది. అందుకే చాలామంది మరచిపోతారు. మీ ఇంట్లో కుక్కపిల్ల ఉంటే, అది పుట్టిన నెలను తలుపు వెనుక బొగ్గుతో రాసిపెట్టుకోండి.