బిడ్డ దక్కకపోయినా ఆమె బాలింతే

ఎచ్చెర్ల: ఒడిలో బిడ్డ ఉంటే బాలింతకు పత్యం వండిపెడతారు, బిందె ముట్టనివ్వరు. ఆపరేషన్ చేసి తీసిన బిడ్డ దక్కకపోతే మాత్రం పక్షం తిరక్కుండానే ఆ తల్లి కొళాయి దగ్గర, ఉభాల్లో కనిపిస్తుంది. "ఊరికే కూర్చుంటే దిగులు" అంటారు ఇంట్లోవాళ్లు.

మరి కోత మాటేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. పైచర్మం 2 వారాల్లో అతుక్కున్నా, లోపల గర్భసంచి కుట్లు మానడానికి 6 వారాలైనా పడుతుంది. అంతవరకు బిందె, గడ్డిమోపు ఎత్తరాదు. అలాగని మంచానికే అంటుకోరాదు. మెల్లగా నడవకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు.

కాన్పైన మూడో నాటికి పాలు పడతాయి. పిండేకొద్దీ ఇంకా ఊరతాయి. చల్లని తడిగుడ్డ వేస్తే సలుపు తగ్గుతుంది, కొద్దిరోజుల్లో పాలు ఇంకిపోతాయి.

మంచినీళ్లు తగ్గించరాదు. పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర పెట్టాలి. ఐరన్ మాత్రలు 6 నెలలు వేసుకోవాలి.

జ్వరం, కోత వద్ద చీము, దుర్వాసన, గంటకో గుడ్డ తడిసేంత రక్తం, ఒక కాలు వాపు, ఆయాసం... వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి.

పాలివ్వని తల్లికి నెల తిరిగేసరికే మళ్లీ గర్భం నిలవవచ్చు. ఆపరేషన్ అయినవారికి ఏడాదిన్నర నుంచి రెండేళ్ల ఎడం మంచిది. గర్భస్రావమైతే 6 నెలలైనా ఆగాలని 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు సూచించారు. ఎడం ఎలా పాటించాలో ఏఎన్ఎంను భార్యాభర్తలిద్దరూ కలిసి అడగాలి.