ఒక తండ్రి వ్యాజ్యెము

మా ఐరాలకు సమీపముననున్న కాణిపాకమునకు మీలో ననేకులు వచ్చియే యుందురు. వరసిద్ధి వినాయకస్వామి దర్శనమైన వెనుక, అచటి బాహుదానదికి ఆ పేరేల వచ్చెనని యడుగువారు మాత్రము తక్కువ. శంఖుడు, లిఖితుడు అను అన్నదమ్ములు ఆ దారిని పోవుచుండిరట. తమ్ముడు ఆకలికి తాళలేక యొకరి తోటలోని మామిడిపండు కోసికొనెను. అన్న ధర్మమునకు వెరచి తమ్ముని రాజునకు అప్పగించెను. రాజు వాని చేతులు నరికించెను. పిదప ఈ యేటిలో మునుగగా లిఖితునకు చేతులు మరల వచ్చెననియు, బాహువుల నిచ్చినది గావున బాహుద యయ్యెననియు పెద్దలు చెప్పుదురు. చిన్నతనమున ఈ కథ విన్నప్పుడు నది మహిమయే నా మనస్సునకు పట్టినది. పిల్లల తల్లినైన పిదప అన్నగారి సంగతియే నన్ను బాధించుచున్నది. ఆకలిగొన్న తమ్మునికి ఒక పండుకొరకు చేతులు పోవలెనా? వేసవిలో పరీక్షాఫలితములు వెలువడు దినమున కొన్ని యిండ్లలో జరుగు విచారణ చూచినప్పుడెల్ల నాకు శంఖుడే జ్ఞప్తికి వచ్చును.

ఇప్పుడు నేను చెప్పబూనినది వేరొక తండ్రి సంగతి. 2023వ సంవత్సరము జూలై నెలలో విశాఖపట్టణమున పదునేడేండ్ల బాలిక యొకతె మరణించినది. ఆమె బెంగాలు బిడ్డ. వైద్యవిద్యకు ప్రవేశపరీక్షయగు నీట్‌కు చదువుటకై తలిదండ్రులు ఆమెను విశాఖలోని యొక శిక్షణసంస్థలో చేర్చి హాస్టలులో నుంచిరి. ఆ బాలిక పేరుతో మనకు పనిలేదు. తండ్రి పేరు మాత్రము వ్యాజ్యెము పేరులోనే యున్నది: సుక్‌దేబ్ సాహా.

ఈయన మొదట కోరినది లోకసంస్కరణము కాదు. తన బిడ్డ యెట్లు మరణించెనో నిజము తెలియవలెనని మాత్రమే. స్థానికముగా జరిగిన విచారణయందు ఆయనకు నమ్మకము కలుగలేదు. కేంద్రప్రభుత్వపు సి.బి.ఐ. వారికి దర్యాప్తు అప్పగింపుడని ఆంధ్రప్రదేశ్ హైకోర్టును వేడుకొనెను. 2024 ఫిబ్రవరి 14వ తేదీని ఆ యర్జీ త్రోసివేయబడినది. తన భాష కాని రాష్ట్రమున, కడుపుకోతతో, ఒక కోర్టులో ఓడినవాడు ఇంటికి మరలి తలుపు మూసికొన్నచో మనమెవరము తప్పుపట్టగలము? ఆయన మరలలేదు, సుప్రీంకోర్టు కెక్కెను. 2025 జూలై 25వ తేదీని న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతాగారలు తీర్పు చెప్పుచు దర్యాప్తును సి.బి.ఐ.కి నప్పగించిరి. అంతటితో ఆగక, మనస్సు ఆరోగ్యముగా నుండుట రాజ్యాంగపు 21వ అధికరణము హామీయిచ్చిన జీవించు హక్కులో భాగమే యని పలికి, దేశములోని విద్యాలయములు, శిక్షణసంస్థలు, హాస్టళ్లు అన్నింటికిని పదునైదు నిబంధనలు విధించిరి. చట్టము వచ్చువరకు ఇవియే చట్టముగా నడువవలెనని యాజ్ఞ.

ఒక బిడ్డకొరకు వేసిన వ్యాజ్యెము ఎల్లబిడ్డలకును వర్తించు తీర్పుగా ముగియుట అరుదు. ఆ నిబంధనలలో మన గృహిణులు తెలిసికొనదగినవి కొన్ని చెప్పెదను. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతిసంస్థయును, మనోవ్యథలను విని సలహా చెప్పగల అర్హతగలవారి నొక్కరినైన నియమింపవలెను. నూరుమందికి తక్కువయున్నచో బయటివారితో నేర్పాటు చేసికొనవలెను. మార్కులను బట్టి పిల్లలను వేరువేరు తరగతులుగా విడదీయరాదు, పదుగురిలో అవమానింపరాదు, శక్తికి మించిన లక్ష్యములు పెట్టరాదు. ఉపాధ్యాయులకును తక్కిన సిబ్బందికిని సంవత్సరమునకు రెండుమారులైన ఈ విషయమున శిక్షణ యీయవలెను. హాస్టలు గదులయందును మేడలయందును ప్రమాదమునకు తావులేని కట్టుదిట్టములు చేయవలెను. సహాయపు ఫోను సంఖ్యలను పెద్దయక్షరములతో అందరికిని కనబడునట్లు పెట్టవలెను. తలిదండ్రులకు కూడ బోధ చేయవలెనని యొక నిబంధన కలదు. అది చదివినప్పుడు నాకు నవ్వును సిగ్గును ఒక్కమారే వచ్చినవి. మనకు కూడ పాఠము చెప్పవలసివచ్చినది! జిల్లాలో ఇవి జరుగుచున్నవో లేదో చూచుటకు కలెక్టరు అధ్యక్షతను సంఘము లేర్పడవలెనని కోర్టువారు ఆదేశించిరి. కావున బిడ్డను చేర్చుటకు ముందు ఫీజు బేరమాడునట్లే, “ఇక్కడ పిల్లల మాట వినువారెవరు? వారి గది యేది?” అని యడుగుటకు మనకు హక్కున్నది. నేను తెలిసినంతలో, మన యాడువారు బియ్యములో రాళ్లున్నవా యని చూచినంత శ్రద్ధగా హాస్టలును చూడరు.

లెక్కలును ఒకమారు వినుడు. జాతీయ నేరగణాంక సంస్థవారి ప్రకారము 2022లో మన దేశమున 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరి. వారిలో విద్యార్థులు 13,044 మంది. అనగా దినమునకు ముప్పదియైదుగురికి పైమాటయే. పరీక్ష తప్పుటయే కారణముగా వ్రాయబడిన మరణములు 2,248. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, “మార్కులు రాలేదు, అందుచేత” అని మనము తేలికగా చెప్పుకొను కారణము చాలదని తెలియును. ఒంటరితనము, అవమానము, ఇంటి కలహములు, చికిత్సలేని వ్యాకులత, ఇవన్నియు కూడి యొక బిడ్డను క్రుంగదీయును. పరీక్ష కడపటి బరువు మాత్రమే కావచ్చును.

అవమానమన్నప్పుడు గుంటూరు వాసురాలు రాధికా వేముల గారిని తలపకుండ నుండజాలను. కుట్టుపని చేసి బిడ్డలను పెంచిన తల్లి ఆమె. హైదరాబాదు విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచున్న ఆమె కుమారుడు రోహిత్ 2016 జనవరి 17న మరణించెను. 2019 మే నెలలో ముంబయిలో పాయల్ తాడ్వీ యను యువవైద్యురాలు మరణించినది. భాష వేరు, రాష్ట్రము వేరు, అయినను ఈ ఇద్దరు తల్లులు కలిసి ఆ సంవత్సరమే సుప్రీంకోర్టులో అర్జీ వేసి, విద్యాలయములలోని కులవివక్షను అరికట్టుడని కోరిరి. ఢిల్లీ ఐ.ఐ.టి.లో చదివిన ఇద్దరు విద్యార్థుల తలిదండ్రుల వ్యాజ్యెమున 2025 మార్చి 24న జస్టిస్ రవీంద్ర భట్‌గారి అధ్యక్షతను జాతీయ కార్యదళ మొకటి యేర్పడినది. ఇంగ్లండులో లాంకషైరు సీమకు చెందిన జీన్ కెర్ అను తల్లి, కుమారుని గోలుపోయిన పిదప, తనవంటి తలిదండ్రులతో గూడి 1997లో పపైరస్ అను సంస్థ స్థాపించెను. అది యువకుల ప్రాణరక్షణకై ఆ దేశమంతట పనిచేయుచున్నది. ఏ దేశమందైనను ఈ పనికి ముందు నడచినవారిలో ఇట్టి తలిదండ్రులు కనబడుచునే యున్నారు. తమ బిడ్డ తిరిగి రాడని వారికి తెలియును. వారి శోకమును మనము గొప్పచేసి పూజింప నక్కరలేదు. వారు చెప్పినది వినిన చాలును.

మన చెంతనే చెన్నపట్టణమున డాక్టరు లక్ష్మీ విజయకుమార్ గారు 1986లో స్నేహ అను సంస్థను స్థాపించిరి. ఫలితములు వచ్చిన కొలదికాలమునకే తప్పినవారికి మరల పరీక్ష పెట్టి, సంవత్సరము పోకుండ చేయు పద్ధతి తమిళనాట కలదు. మన యింటరు పిల్లలకును అట్టి యేర్పాటున్నది. ఈ మాట ఫలితములకు ముందే బిడ్డ చెవిని వేయవలెను. తరువాత చెప్పిన ఓదార్పు ఓదార్పుగా వినబడదు.

ఇక మా యింటి సంగతి. మా అక్క కొడుకు అనుమతి తీసికొనియే వ్రాయుచున్నాను. వాడు దూరపు పట్టణమున హాస్టలులో నుండి యింటరు చదువుచుండెను. ఆదివారమున ఫోను చేసినప్పుడెల్ల మా యక్క మొదటిమాట మార్కులే. నేనును అడిగితిని, అబద్ధమేల? సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు తనకు ప్రాణమైన క్రికెట్టు బ్యాటును ప్రక్కయింటి పిల్లవానికి ఇచ్చివేసెను. “ఎంత మంచి గుణము!” అని మేమందరము మెచ్చుకొంటిమి. మా యమ్మ మాత్రము మెచ్చుకొనలేదు. రాత్రి వాడు నిద్రపోవుట లేదనియు, పొంగలి ముట్టలేదనియు ఆమె కనిపెట్టి యున్నది. చదువురాని మనిషి. మరునాడు వానిని మామిడితోపునకు వెంటబెట్టుకొనిపోయి, గట్టుమీద కూర్చుండబెట్టి, సూటిగా అడిగినది: “ఏం నాయనా, బతకాలని లేదా నీకు?”

వాడు చాలసేపు మాటాడలేదట. పిదప, “లేదవ్వా” అని ఏడ్చెనట. ఆమె వానిని తిట్టలేదు, దేవునిపై ఒట్టు పెట్టించలేదు. “ఎన్నాళ్లనించి?” అని మాత్రమే అడిగినది. ఆ దినము సాయంకాలమువరకు ఇద్దరును తోపులోనే యుండిరి. ఆ రాత్రి వానిని ఒంటరిగా పండుకొననీయలేదు. మరునాడే వేలూరు తీసికొనిపోయి మానసిక వైద్యునకు చూపితిమి. మందులును మాటలును కలిపి ఏడాదికి పైగా చికిత్స నడిచినది. చదువు ఒక సంవత్సరము వెనుకబడినది.

అట్లు సూటిగా అడిగినచో లేని యూహ పుట్టించినట్లగునని మనలో పెద్ద భయము. అది నిజము కాదు. అడుగుటవలన ఆ తలంపు కలుగదనియు, అడిగించుకొన్నవారికి గుండెబరువు తగ్గుననియు ప్రపంచ ఆరోగ్యసంస్థవారును చెప్పుచున్నారు. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టుట, స్నేహితులను విడుచుట, నిద్రాహారములు మారుట, “నేను లేకున్న మీకు సుఖము” వంటి మాట జారుట, ఇవి కనబడినచో మర్యాదలకు పోక అడుగుడు. ఆ బిడ్డను ఒంటరిగా విడువకుడు. మనవంటి వ్యవసాయపు టిండ్లలో తోటలకు కొట్టు మందులను ఇంటిలో నుంచక, వేరు కొట్టున పెట్టి తాళము వేయుట మంచిది. ఇది మగవారితో పోట్లాడియైనను చేయింపవలసిన పని. తీవ్రమైన విషపుమందులను నిషేధించిన తరువాత సింహళమున ఇట్టి మరణములు బహుగా తగ్గినవి.

పోలీసులకు వెరచి దాచువారును కలరు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్యరక్షణ చట్టపు 115వ సెక్షను ప్రకారము, ప్రాణము తీసికొనబోయినవారు తీవ్రమైన మనోవ్యథలో నున్నవారుగా భావింపబడుదురు. వారిని శిక్షింపరాదు, వారికి చికిత్స చేయించు బాధ్యత ప్రభుత్వమునది. 2022 అక్టోబరు 10న ప్రభుత్వము టెలిమానస్ అను ఉచిత ఫోను సహాయము నారంభించినది. సంఖ్య 14416. రాత్రింబవళ్లు పలుకును, తెలుగునను మాటాడుదురు. బిడ్డయే కాదు, బిడ్డనుగూర్చి బెంగపడు తల్లియు మాటాడవచ్చును.

మా వంటయింట పంచాంగము ప్రక్కను గోడమీద ఈ సంఖ్యను వ్రాసియుంచితిని. పాల లెక్కయు, గ్యాసుబండ వచ్చిన తేదీయు అచటనే యున్నవి. మొన్న పండుగకు మా అక్క కొడుకు వచ్చి, మంచినీళ్లు త్రాగుచు దానిని చూచినాడు. పొగకు మాసిపోయిన చివరి అంకెను పెన్సిలుతో మరల దిద్ది, “పిన్నీ, ఇది కనబడేట్టు పెట్టు” అని చెప్పి, వాళ్లవ్వను వెదకికొనుచు తోపువైపు పోయినాడు.