గేటుకు రంగేసే ముందు పై బందు చూడండి

భానూర్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చా. ఈ ఎపిసోడ్‌లో ఫోన్లు లేవు, యాప్‌లు లేవు. ఇంటి ముందు ఉండే ఇనుప గేటు గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి, రెండు నిమిషాలు వింటే ఎందుకో మీకే అర్థమవుతుంది.

పోయిన దసరాకు మా గేటుకు నేనే రంగేశా. జంగు పట్టిన చోట పైపైన గీకి, నల్ల ఎనామిల్ రెండు కోటింగులు కొట్టా. ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టా. నెల తిరక్కుండానే మా అక్క కొడుకు, ఆరేళ్లవాడు, గేటు కింది పట్టీ మీద నిలబడి ఊగుతుంటే పై బందు ఊడొచ్చింది. గేటు వాడి మీదికే ఒరిగింది. పక్కన స్కూటీ ఉంది కాబట్టి దానికి తట్టుకుని ఆగింది. వాడు మోచేతి మీద గీతలతో బయటపడ్డాడు. ఆ రోజు స్కూటీ అక్కడ లేకపోయుంటే? ఆ మాట నేను ఇంట్లో ఇప్పటికీ పైకి అనలేను.

మా నాన్న పటాన్‌చెరులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఊడిన బందు చేతిలో పట్టుకుని ఒక్కటే అడిగారు: "రంగు మోస్తదారా బరువు?"

బరువు ఎవరు మోస్తున్నారు?

చిన్న లెక్క చేద్దాం. గేటు బరువు 60 కిలోలు, వెడల్పు 4 అడుగులు, రెండు బందుల మధ్య దూరం 4 అడుగులు అనుకోండి. గేటు బరువంతా మధ్యలో, అంటే పిల్లర్‌కు 2 అడుగుల దూరంలో ఉన్నట్టు లెక్క. 60ని 2తో గుణించి 4తో భాగిస్తే 30. అంటే గేటు తన పై బందును పిల్లర్ నుంచి 30 కిలోల బలంతో బయటికి లాగుతూనే ఉంటుంది, పగలూ రాత్రీ. కింది బందును మాత్రం పిల్లర్‌లోకి నొక్కుతుంది. అందుకే ముందు ఊడేది దాదాపు ఎప్పుడూ పైదే. ఇప్పుడు 20 కిలోల పిల్లాడు గేటు చివర ఎక్కితే ఇంకో 20 కలుస్తుంది. 30 కాస్తా 50 అయింది. ఊగితే ఇంకా ఎక్కువ.

జంగు ఎక్కడ దాక్కుంటుంది?

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాలను గుర్తిస్తే అందులో మన పటాన్‌చెరు–బొల్లారం కూడా ఉంది. బొగ్గు, ఫర్నేస్ ఆయిల్ లాంటివి మండితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిస్తే ఆమ్లం అవుతుంది. అలాంటి గాలిలో ఇనుము తొందరగా తుప్పు పడుతుంది.

పైకి కనిపించే జంగు సగం కథే. గేటు పైపులు లోపల బోలుగా ఉంటాయి. వాననీళ్లు కింది పైపులో నిలిచి లోపలి నుంచి తినేస్తాయి. పిల్లర్‌లో దిగేసిన ఇనుప ముక్కదీ అదే సంగతి. ఇనుము జంగుగా మారితే రెట్టింపు కంటే ఎక్కువ జాగా కావాలి, అందుకే చుట్టూ ప్లాస్టరింగ్ పగులుతుంది. బందు దగ్గర ఆ పగులు నేను చూశా. పుట్టీ పెట్టి రంగేశా! కోడ్‌లో ఎర్రర్ వస్తే సరిచేయకుండా మెసేజ్‌ను దాచేసినట్టు.

మూడు పరీక్షలు

పిల్లల్ని దూరంగా ఉంచి, ఇంకొకరిని తోడు పెట్టుకుని చేయండి.

ఒకటి: గేటు సగం తెరిచి, గడియ వైపు అంచును కొంచెం పైకి ఎత్తండి. తోడున్నవాళ్లు పై బందును చూడాలి. బందు, గేటు కలిసే చోట కదిలితే వెల్డింగ్ పని. పిల్లర్‌లోని ముక్కే కదిలితే మేస్త్రీ పని. అక్కడ ఎంత వెల్డింగ్ చేసినా డబ్బులు దండగ.

రెండు: కింది పైపును స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. దిగబడితే ఆ ముక్క కోసి కొత్తది వేయించాల్సిందే.

మూడు: గేటు నేలకు గీసుకుంటుంటే, టేపుతో మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ సమానమైతే ఫ్రేమ్ బాగుంది, బందో పిల్లరో జారింది. తేడా వస్తే ఫ్రేమే వంగింది. దాన్ని లేపి సరిచేసి, పై బందు మూల నుంచి గడియ వైపు కింది మూలకు ఏటవాలుగా ఒక పట్టీ వెల్డింగ్ చేయించండి. నాలుగు మూలల ఆకారం వంగుతుంది కానీ త్రిభుజం అంత సులువుగా వంగదు. పట్టీని రెండో వైపు వేస్తే మాత్రం బరువుకు అదే వంగిపోతుంది.

రిపేరు చేయించేటప్పుడు

వెల్డింగ్ పడే చోట రంగు, జంగు పూర్తిగా పోయి ఇనుము మెరవాలి. జీఐ పైపైతే పైనున్న జింకును కూడా గ్రైండ్ చేయమనండి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. గేటు లైటు, కాలింగ్ బెల్ కరెంటు ముందే ఆపేయండి. మెరుపును కళ్లతో నేరుగా చూడొద్దు, వీడియో తీస్తున్నా సరే. కింది పైపు అడుగున రెండు చిన్న రంధ్రాలు పెట్టిస్తే నీళ్లు కారిపోతాయి.

రంగు ఆఖర్న. వైర్ బ్రష్‌తో గీకిన రోజే రెడ్ ఆక్సైడ్ వేయాలి. అది ఆరాక రెండు కోట్లు ఎనామిల్. మన దగ్గర చాలా ఇళ్లకు గృహప్రవేశం అయిపోయాక కూడా గేటు ఆ ఎర్ర రంగుతోనే నెలలు ఉంటుంది. రెడ్ ఆక్సైడ్ లోపలి పొర మాత్రమే, ఒక్కటే వానను ఆపలేదు.

పట్టాల మీద జరిగే గేటుంటే ఇంకో మాట. రెండు చివర్లా స్టాపర్, పైన గైడు గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. అవి లేకపోతే గేటు పట్టా దాటి మనిషి మీద పడుతుంది. దాన్ని ఒక్కరే ఎత్తే ప్రయత్నం చేయకండి.

మా గేటు ఇప్పుడు కొత్త బందులతో, ఏటవాలు పట్టీతో నిలబడింది. రంగు ఇంకో రెండు రోజులకు వేస్తా. మా అల్లుడు మాత్రం నిన్న వచ్చి, గేటు ఎక్కకుండా, కింద నిలబడి పై బందునే చూశాడు. మీరూ ఈ రోజు ఇంటికెళ్లగానే ఒక్కసారి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా.